అవ్వ పెట్టిన పేరు

పోయిన ఆదివారం అజీజ్‌నగర్‌ బడి వరండాలో, నా మనవడి ఈడు కుర్రవాడి మణికట్టు పట్టుకుని ఆపేశాను. అంత గట్టిగా పట్టుకున్నానని నాకే తెలియలేదు. వాడు మెల్లగా చేయి లాక్కున్నాక చూస్తే నా వేళ్ల గుర్తులు పడి ఉన్నాయి.

చూసేవాళ్లకు పెద్ద విషయమేమీ కాదు. అక్కడి ఫాంహౌజుల్లో కాపలాకూ తోటపనికీ వంటకూ ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లున్నారు. పిల్లల్ని బడిలో చేర్చాలన్నా, రేషన్‌కు పెట్టుకోవాలన్నా, బ్యాంకులో ఖాతా తెరవాలన్నా వాళ్లకు కాగితం కావాలి. నాలాంటి రిటైరైన పంతులమ్మలం నలుగురం, కాలేజీ పిల్లలు కొందరూ కలిసి ఆదివారాలు కూర్చుని ఆ కాగితాలు నింపిపెడుతుంటాం. ఆ రోజు చంకలో బిడ్డతో ఒకామె వచ్చింది. వెనక ఒక మగమనిషి నిలబడి ఉన్నాడు. మా కుర్రవాడు తలెత్తకుండానే, "హస్బెండ్ నేమ్ ఈయనదే కదా" అనుకుంటూ ల్యాప్‌టాప్‌లో టకటకా కొట్టేస్తున్నాడు.

"ఆగు. ఆమెను అడిగి రాయి" అన్నాను.

"పక్కకే ఉన్నడు గద మేడం. కనబడ్తలేదా?"

"కనబడేది రాయకు. ఆమె చెప్పింది రాయి."

అడిగాడు. ఆయన ఆమె భర్తే. ఈ ముసలామెకు ఏమైందో అన్నట్టు ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కుర్రవాడు నా చేతికి నీళ్ల సీసా ఇచ్చి, "జర కూసోండి మేడం, చెమట్లు పడ్తున్నయి" అన్నాడు. కూర్చున్నాను. ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నా దడ తగ్గలేదు. ఆ దడ నాకు ఆరో తరగతిలో పట్టుకుంది. ఎందుకో ఆ కుర్రవాడికి చెప్పలేదు, ఇక్కడ చెబుతాను.

మాది ముడిమ్యాల పక్క పల్లె. ఇప్పుడు ఆ రోడ్డు మీద పోతే రెండువైపులా ప్రహరీలు, ఇనుప గేట్లు. లోపల ఎవరుంటారో, అసలు ఉంటారో లేదో ఎవరికీ తెలియదు. నా చిన్నప్పుడు ఆ నేలంతా క్యారెట్, టమాట, కొత్తిమీర. చలికాలం పొద్దున్నే మా బాయి దగ్గరికి పోతుంటే, మనుషులు కనబడకముందే వాసన వచ్చేది, తడిమట్టీ క్యారెట్ ఆకూ కలిసిన వాసన. బాయి పక్కన సిమెంటు హౌజు ఉండేది. పీకిన క్యారెట్ అందులో పోసి, నీళ్లు వదిలి, ఇద్దరు ముగ్గురు దిగి కాళ్లతో తొక్కుతూ కడిగేవాళ్లు. నీళ్లు ఎర్రబడి, మళ్లీ తేటపడేదాకా తొక్కాలి. పిల్లలం మేమూ దిగేవాళ్లం. లావు గడ్డ కాలికి తగలగానే వేళ్లతో పట్టి పైకి తీసి, ఎవరూ చూడకుండా లంగా అంచులో దోపుకునేదాన్ని. మా బాపు, అంటే నాన్న, చూసేవాడు. చూడనట్టే ఉండి, ఇంటికి వచ్చాక, "లారీ తూకం తక్కువొచ్చిందట, దొంగలు వడ్డట్టున్నరు" అని తన తల్లితో, మా అవ్వతో చెప్పేవాడు.

ఆ ఏడు తొలకరి పడిన వారానికి వాళ్లు వచ్చారు. మొయినాబాద్ వైపు ఇటుక బట్టీలో పనికి ఒరిస్సా నుంచి వచ్చిన గుంపులోని వాళ్లట. వానలకు బట్టీ ఆగిపోయి అందరూ రైలెక్కితే, వీళ్ల బిడ్డకు జ్వరం తగిలి ఆగిపోయారు. ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, ఏడాది నిండని ఆడబిడ్డ. మా అరుగు ముందు నిలబడ్డారు, ఏమీ అడగలేదు. అవ్వ బిడ్డ నుదురు ముట్టి చూసి, బండి కట్టించి, ముగ్గురినీ తీసుకుని చేవెళ్ల దవాఖానకు తనే పోయింది. మూడు రోజులు అక్కడే ఉండి తిరిగొచ్చింది. వచ్చాక మా మోటరు కొట్టం ఊడిపించి, "మీరు ఈ కొట్టంల ఉండున్రి. చేతనైన పని చేయున్రి. తినే ఫికర్ వెట్టుకోకున్రి" అంది. వాళ్లకు మాట అర్థం కాలేదు కానీ, తాళం చెవి అర్థమైంది.

ఆమెను ఏమని పిలవాలనే మాట వచ్చింది. "శుక్రారం పూట మనింట్ల కాలు వెట్టింది. లచ్చమ్మ అందాం" అని అవ్వ తేల్చేసింది. ఊరికి ఆమె లచ్చమ్మ అయింది. అతని పేరు మాత్రం ఊరందరికీ తెలుసు, ఎందుకంటే ఆమె అతన్ని పేరుపెట్టి కేకేసేది. బాయి కాడ ఆడవాళ్లు మొదటిసారి విన్నప్పుడు చేతుల్లోని గడ్డలు వదిలేసి నవ్వారు.

"మొగన్ని పేరువెట్టి పిలుస్తదమ్మా ఇది. మనం గట్ల పిలిస్తే పండ్లు రాలగొడ్తరు" అంది మా చిన్నమ్మ.

"వాళ్ల దేశం రివాజు గట్లుండొచ్చు. నీకేం నొప్పి?" అంది అవ్వ.

ఆ మాట ఆ ఏడు మా ఇంట్లో ఎన్నిసార్లు విన్నానో. ఆమె మెడలో పుస్తెలు లేవు, వాళ్ల రివాజు. అతను కొట్టంలో కాకుండా బయట బండి కింద పడుకుంటాడు, వాళ్ల రివాజు. మా ముందు ఆమెతో నోరెత్తి మాట్లాడడు, అది మర్యాద. మేం బర్రెలకు వేసే క్యారెట్ ఆకును ఆమె కోసి, ఎల్లిపాయ, ఎండుమిరపకాయ వేసి వేయించుకుని, నీళ్లు పోసి పులియబెట్టిన అన్నంలో నంజుకు తింటుంటే, ఊరు ఊరంతా చూసిపోయింది. అదీ రివాజే. నేను దొంగతనంగా ఒక ముద్ద తిని, ఇంటికి వచ్చి జొన్నరొట్టెలోకి అదే కావాలని ఏడ్చాను. అమ్మ, "బర్రె కడుపుల పుట్టవలసింది నా కడుపుల పుట్టింది" అని నెత్తి మీద ఒకటి వేసి, మరునాడు ఆమె దగ్గరికే పోయి ఎలా చేయాలో చూసి వచ్చింది.

ఆమెకు మా మాటలు నేర్పే పని నాది. నేను మంచి పంతులమ్మనేమీ కాదు. పెద్దమనుషులు కనబడితే "ఏందిరో, మంచిగున్నవా" అనాలని నేర్పాను. ఆమె అక్షరం పొల్లుపోకుండా మా పెద్దబాపును అలాగే అడిగింది. పెద్దబాపు అంటే మా బాపుకు అన్న, ఊళ్లో మాట చెల్లే మనిషి. ఆయన కర్ర కిందపడింది. నాకు రెండు రోజులు పచ్చిపులుసు మెతుకులే గతి అయ్యాయి.

అవ్వకు ఆడపిల్లలు దక్కలేదు. పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారట. అందుకేనేమో లచ్చమ్మ మీద ప్రాణం పెట్టేది. శుక్రవారం శుక్రవారం తలంటించి, అమ్మ చేత పసుపూ బొట్టూ పెట్టించేది. తాత పోయినప్పటి నుంచి అవ్వ తన చేత్తో ఎవరికీ బొట్టు పెట్టేది కాదు, పెట్టకూడదు. అంగడిలో రెండు డజన్ల పచ్చగాజులు కొని తొడిగించింది. నేనొకటి గమనించాను. మా ఇంటి నుంచి పోగానే ఆమె హౌజు దగ్గర ఆగి మొహం కడిగేసుకునేది. అవ్వకు చెబితే, "చెమటకు దురద వెడ్తుండొచ్చు బిడ్డా" అంది. ఇంకోనాడు మోటరు కొట్టంలో ఆమె ఒక్కతే కూర్చుని ఆ గాజులు తొడుక్కుని, చేయి చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపుకుంటోంది. నన్ను చూడగానే గబగబా తీసేసింది. అది ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకిప్పటికీ తెలియదు.

దసరా ముందు రేషన్ కార్డులకు రాసుకోమని పట్వారి సారు కాగితాలు పంచాడు. మా ఇంట్లో నా చేతిరాత బాగుంటుందని బాపుకు గొప్ప. అరుగు మీద కూర్చోబెట్టి, ఒరిస్సావాళ్ల కాగితం నా ముందు పెట్టి చెబుతూ పోయాడు. ఇంటి యజమాని, అతని పేరు. దాని కింద, లచ్చమ్మ. ఏమవుతుంది అన్నచోట, భార్య. గుండ్రంగా రాసి, కింద గీత కూడా గీశాను. ఆమె అక్కడే, నాలుగడుగుల దూరంలో మా గిన్నెలు తోముతోంది. నేను తలెత్తి "నీ పేరేంది?" అని అడిగి ఉంటే ఆమెకు వినబడేది. గీత వంకరపోకుండా గీయడం మీదే ఉంది నా ధ్యాస.

మాఘంలో కార్డు వచ్చింది. ఆమె దాన్ని కళ్లకద్దుకుంది. అందులో ఏముందో చదవడం ఆమెకూ రాదు, అతనికీ రాదు. బియ్యం, చక్కెర వస్తాయని తెలుసు. అది చాలింది.

చిక్కు ఇండ్ల జాగల దగ్గర వచ్చింది. ఊరి చివర పోరంబోకులో జాగాలు ఇస్తామన్నారు, ఎవరికివ్వాలో ఊళ్లోనే పేర్లు తేల్చి పంపమన్నారు. బాపు వీళ్ల పేరు చెప్పాడు. పెద్దబాపు ఒప్పుకోలేదు.

"బట్టీకి వచ్చినోళ్లు. రేపు వానలు వడంగనే రైలెక్కిపోతరు. ఊరోళ్లు కానోళ్లకు జాగెందుకు?"

"ఊరోళ్లు అయ్యేది ఎట్లనో చెప్పు మరి" అంది అవ్వ.

"మనకేమన్న చుట్టాలా? ఎవలని ఇయ్యాలె?"

"నా బిడ్డ. ఒడిబియ్యం వోస్త. ఆడిబిడ్డను చేసుకున్నంక ఎవలు పొమ్మంటరో నేను జూస్త."

మా దిక్కు పెళ్లయిన ఆడపిల్లకు పుట్టింటివాళ్లు ఒడిలో పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవికె గుడ్డ పోసి పంపుతారు. మా ఇంట్లో మొగుడినీ పెళ్లాన్నీ పక్కపక్కన పీటల మీద కూర్చోబెట్టి, కొత్తబట్టలు పెట్టి, కొంగుముడి వేసి పోస్తారు. ఒడిబియ్యం తీసుకున్న మనిషికి ఆ ఇల్లు తల్లిగారిల్లు. ఇక ఆమెను కాదనడానికి ఎవరికీ నోరు రాదు. అవ్వ ఆలోచన అది. పెద్దబాపుకు కూడా ఎదురు చెప్పడం చేతకాలేదు. ఒడిబియ్యం అయితే జాగ, లేకపోతే లేదని ఊరంతటికీ తెలిసిపోయింది. ఆమెకూ ఎవరో చెప్పే ఉంటారు, ఎందుకంటే ఆ మూడు రోజులూ ఆమె హౌజు దగ్గర అసలు మాట్లాడలేదు.

ఆ రోజు పొద్దున ఇల్లంతా నెయ్యి వాసన. అమ్మ, చిన్నమ్మ కలిసి బూరెలు చేశారు. నేను రెండు ముందే తినేసి, మూడోది చేతిలో పట్టుకుని నడిమింట్లో స్తంభం పక్కన చోటు చూసుకున్నాను. పీటలు వేశారు. ఆమెకు ఆకుపచ్చ చీర, అతనికి తెల్లధోవతి, కండువా. అవ్వ వంటింటి గడప లోపలే కూర్చుంది. శుభకార్యాల్లో ఆమె ఆ గడప దాటేది కాదు, అక్కడి నుంచే అన్నీ చెప్పేది. "పసుపు జర ఎక్కువ కలుపు. కుడుకలు మీదికి కనబడాలె." ఆమె మొహం అంత వెలిగిపోతుండగా నేనెప్పుడూ చూడలేదు. జీవితంలో మొదటిసారి ఒడిబియ్యం పోయిస్తోంది.

ఇద్దరినీ కూర్చోబెట్టారు. అతను నేలచూపులు చూస్తున్నాడు. ఆమె పీట అంచుకు జరిగి కూర్చుంది. ఆడవాళ్లు "దగ్గరికి జరుగే, సిగ్గువడ్తున్నవా" అని ఆట పట్టించారు. అమ్మ మొదటి దోసిలి ఆమె ఒడిలో పోసింది. రెండోదీ పోసింది. చిన్నమ్మ ఆమె కొంగు అందుకుని అతని కండువాకు ముడి వేసింది.

ఆమె ఆ ముడిని చూసింది. విప్పడానికి చూసింది, అది రాలేదు. అతను తన కండువా తీసి ఆమె చేతుల్లో వదిలేశాడు. ఆమె లేచి నిలబడింది. ఒడిలోని బియ్యం మొత్తం నేలపాలైంది.

"మొగడు కాదు" అంది. "మొగడు లేడు. బిడ్డ కడుపుల ఉన్నప్పుడే వోయిండు. వీడు తమ్ముడు. నా తమ్ముడు."

నా చేతిలో బూరె అలాగే ఉంది. నాకు ముందుగా తోచింది నా గుండ్రటి చేతిరాత. భార్య. కింద గీత.

"ఇన్ని దినాలు మాతోని బొట్టు వెట్టించుకుంటివి గదనే. నోరు లేదా నీకు?" అంది చిన్నమ్మ. ఆమె తను ముడి వేసిన చేతులను చీరకు తుడుచుకుంటూనే ఉంది. "అక్కతమ్ముండ్లకు ముడేస్తి. నా చేతులతోనే ఏస్తి."

అతను ఎవరి మొహమూ చూడకుండా నడిచి బయటికి పోయాడు. ఆడవాళ్లు ఒక్కరొక్కరే లేచారు, బియ్యం తొక్కకుండా గోడ పక్క నుంచి నడిచి పోయారు. పెద్దబాపు, "ఇగ జాగ ముచ్చట ఇడిసిపెట్టున్రి" అని చెప్పులేసుకున్నాడు. బాపు నా వైపు తిరిగాడు.

"కార్డుల భార్య అని ఆమెను అడిగి రాసినవా?"

"నువ్వు చెప్పిందే రాసిన బాపు."

ఆయనా అడగలేదు, నేనూ అడగలేదు.

అప్పుడు అవ్వ లేచింది. గడప దాటి, బియ్యం మధ్యలోంచే నడిచి వచ్చి, ఆ ఖాళీ పీట మీద కూర్చుంది. అమ్మ "అత్తా" అంటూ ఆపబోయి ఆగిపోయింది.

"కూసో బిడ్డా. ఇప్పుడు నువ్వు జెప్పు. నీకేం గావాలె?"

"కార్డు మార్చాలె."

బాపు కలగజేసుకున్నాడు. "అమ్మా, గది ఎట్లున్నదో అట్ల ఉండనీ. మార్పియ్యవోతే అబద్ధం రాసిన్రని గుంజుకుంటరు. జాగ అయితే వాయె, బియ్యమన్న రానీ. కాయితమే గదా."

"మార్చాలె" అంది ఆమె మళ్లీ. "తమ్మునికి పెండ్లి చేయాలె. గిట్ల ఉంటే ఎవలిస్తరు పిల్లను?"

అవ్వ నన్ను పిలిచింది. "కాయితం తే. మల్ల మొదటి నుంచి రాయి. ఇంటి పెద్ద ఆమెనే. తమ్ముడు అని రాయి ఆయనకు. రాస్తున్నవా? లచ్చమ్మ…"

"లచ్చమ్మ కాదు."

నేను కలం పట్టుకుని, ఆ ఎనిమిది నెలల్లో మా ఇంట్లో ఎవరమూ అడగని మాట అడిగాను. ఆమె తన పేరు చెప్పింది. నాకు పట్టలేదు. మళ్లీ అడిగాను, మళ్లీ చెప్పింది. మూడోసారికి తలా తోకా దొరికి రాశాను. అవ్వ ఆ పేరును నోట్లో తిప్పి చూసుకుంది, వంకరగా వచ్చింది.

"ఎన్మిది నెల్ల సంది పిలుస్తున్న గదనే నిన్ను" అంది. "ఒక్కనాడన్న నా పేరు గది కాదని చెప్పకపోతివి. బొట్టు వెడితె పెట్టించుకుంటివి, గాజులు తొడిగితె తొడుక్కుంటివి."

"నువ్వు పెట్టినవ్" అంది ఆమె. తల వంచుకుని, "కాదంటే ఎల్లగొడ్తవని" అంది.

"నేనా?" అంది అవ్వ.

ఆ తర్వాత అవ్వ ఆమెను వెంటబెట్టుకుని చేవెళ్ల ఆఫీసుకు ఎన్నిసార్లు పోయిందో లెక్కలేదు. వరండాలో కింద కూర్చుని, సారు బయటికి వచ్చినప్పుడల్లా లేచి నిలబడేది. పాత కార్డు తీసుకున్నారు, కొత్తది రావడానికి ఏడాది పట్టింది. అన్నాళ్లూ మా ఇంటి జొన్నలే వాళ్లకూ. జాగ వేరేవాళ్లకు పోయింది. తమ్ముడికి వాళ్ల దేశంలోనే పెళ్లయింది. ఇంకో రెండు క్యారెట్ పంటలు మాతో ఉండి, పట్నం దిక్కు పని దొరికిందని ఆమె బిడ్డతో వెళ్లిపోయింది. చిన్నమ్మ ఆమెతో మళ్లీ మాట్లాడింది, కానీ మునుపటిలా ఆట పట్టించలేదు. అవ్వ మాత్రం ఆ రోజు నుంచి ఆమెను లచ్చమ్మ అనలేదు. రాని పేరునే కూడబలుక్కుని పిలిచేది, ఆమె నవ్వకుండా పలికేది. ఆ పేరు నేనిక్కడ రాయను. ఆమెను అడిగే వీలు లేదు.

తర్వాత నేను పంతులమ్మనై ఎందరి కాగితాలో నింపాను. మా అవ్వ సంగతి ఎవరికి చెప్పినా ఎంత మంచి మనిషో అంటారు. నిజమే. నన్ను ఒక్కనాడూ కొట్టలేదు. ఇంటి ముందు నిలబడ్డ మనిషిని అన్నం పెట్టకుండా పంపలేదు. నాకు దెబ్బలు తప్పించుకోవాలంటే ఊళ్లో ఉన్న ఒకే ఒక్క చోటు ఆమె కొంగు చాటు. అటువంటి అవ్వను చూసి కూడా భయపడే మనిషి ఉంటుందని, ఆ మనిషి మా ఇంట్లోనే ఎనిమిది నెలలుగా భయపడుతూ ఉందని ఆ రోజు దాకా నాకు తెలియదు.